మా ఆవిడ ట్రామంటుంది, నేను బస్సంటాను: 1966 నాటి తగవు, ఎవరైనా తీర్చండి

బందరు_డాక్టరు (బ్రాడ్‌ఫర్డ్) – శనివారం ఉదయం 10:12

అందరికీ నమస్కారం. నోటితో చెబితే ఫోనే రాసుకునే ఏర్పాటు మనవడు చేసిపెట్టాడు. అచ్చుతప్పులుంటే వాణ్ణి తిట్టండి.

మా ఇంట్లో దాదాపు అరవై ఏళ్ళుగా తేలని తగవు ఒకటుంది. నేను 1965 చివర్లో ఈ దేశం వచ్చాను. బ్రాడ్‌ఫర్డ్‌లో డక్‌వర్త్ లేన్ మీదున్న ఆసుపత్రిలో చిన్న డాక్టరుని. మరుసటి ఏడు వేసవికి మా ఆవిడ వచ్చింది. ఆగస్టులో ఒకరోజు చూస్తే ఊళ్ళో మిల్లు పొగ లేదు, సగం కొట్లు మూత. వార్డు సిస్టరుని అడిగితే "బౌలింగ్ టైడ్" అంది. బౌలింగంటే క్రికెట్, టైడంటే సముద్రపు పోటు, ఈ రెండిటికీ పొత్తేమిటని రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. బౌలింగ్ అన్నది ఊళ్ళో ఒక పేటట, టైడంటే తిరనాళ్ళట. ఆ వారం మిల్లులన్నీ మూసేసి జనం సముద్రానికి పోతారట. "నువ్వూ మీ ఆవిణ్ణి తీసుకెళ్ళు, ఎప్పుడూ ఆ గదిలోనేనా?" అని కసిరింది.

సరే, సముద్రపు ఊరు బ్లాక్‌పూల్‌కి బయల్దేరాం. నిమ్మకాయ పులిహోర, పెరుగన్నం, ఒక ఫ్లాస్కు కాఫీ. ఆసుపత్రి ముందు నుంచి ఎక్స్ఛేంజ్ స్టేషనుకి ఒక నీలం రంగు బండి ఎక్కాం. తగవంతా ఆ బండి గురించే. ఆవిడ ట్రామంటుంది: పైన కరెంటు తీగలున్నాయి, ఇంజను చప్పుడు లేదు, మలుపులో నిప్పురవ్వలు రాలాయి. నేను బస్సంటాను: అది పేవ్‌మెంటు పక్కకంటా వచ్చి ఆగి మమ్మల్ని ఎక్కించుకుంది. పట్టాల మీది బండి పక్కకెలా వస్తుందండీ? తన కంటితో పట్టాలు చూశానంటుంది. పిల్లలు పుట్టారు, వాళ్ళకి పిల్లలు పుట్టారు, ఇది మాత్రం తేలలేదు.

---

పట్టాల_పిచ్చి (లీడ్స్) – శనివారం 10:40

డాక్టరుగారూ, ఇలాంటి ప్రశ్న కోసం నేను ఏళ్ళ తరబడి కాచుక్కూచున్నాను. మా ఇంట్లో నా గోల వినేవాళ్ళు లేరు.

బ్రాడ్‌ఫర్డ్‌లో ట్రాములు 1950లోనే పోయాయి. కాబట్టి మీరెక్కింది ట్రాము కాదు. అలాగని మామూలు బస్సూ కాదు. అది ట్రాలీబస్సు. రబ్బరు టైర్లు, స్టీరింగు, నెత్తిన కరెంటు. ఇక్కడ దాన్ని మొదలుపెట్టింది 1911లో, బ్రాడ్‌ఫర్డ్, లీడ్స్ ఒకే రోజున. లీడ్స్ మధ్యలోనే వదిలేసింది. బ్రాడ్‌ఫర్డ్ మాత్రం 1972 మార్చి 26 దాకా నడిపింది. దేశంలో మొదటిదీ అక్కడే, ఆఖరిదీ అక్కడే.

తేల్చడానికి ఒక్క ప్రశ్న చాలు. పైన తీగలు ఒకటా, రెండా? ట్రాముకి ఒక తీగ చాలు. కరెంటు పైనుంచి వచ్చి, మోటారు తిప్పి, ఇనప చక్రాల మీదుగా పట్టాల్లోకి దిగి వెనక్కి పోతుంది. ట్రాలీబస్సువి రబ్బరు చక్రాలు, కింద పట్టాలుండవు. తిరుగు దారి కూడా పైనే కావాలి. అందుకే రెండు తీగలు, నెత్తిమీద రెండు గెడలు, మిడత మీసాల్లాగ. అమ్మగారిని అడగండి.

---

మద్రాసు_మామ్మ (మిల్టన్ కీన్స్) – శనివారం 11:25

నాయనా పట్టాలబ్బాయ్, ఆ ఆసామి భార్యని తీగలు లెక్కపెట్టమంటే ఎలా? కొత్త కాపురం, కొత్త దేశం. ఆవిడ చీర కుచ్చెళ్ళు చూసుకుంటుందా, ఆకాశం చూస్తుందా?

ట్రామంటే మాకు మద్రాసే. మైలాపూరులో మా నాన్న వేలు పట్టుకుని ఎక్కేదాన్ని. 1953లో ఆపేశారు, అప్పుడు నాకు పదేళ్ళు. గంట టంగుటంగుమంటూ ఎద్దుబండి వెనకాల ఎద్దుబండిలాగే నడిచేది. దిగి, మరమరాలు కొనుక్కుని, మళ్ళీ అదే ట్రాము ఎక్కొచ్చు.

---

పట్టాల_పిచ్చి – శనివారం 11:41

మామ్మగారూ, మీకో సంగతి చెప్పనా? మద్రాసుకి కరెంటు ట్రాము 1895లో వచ్చింది. లండన్ వీధుల్లో జనం డబ్బిచ్చి కరెంటు ట్రాము ఎక్కింది 1901లో. ఆ విషయంలో మీ మైలాపూరే సీనియరు.

బ్లాక్‌పూల్ రెండిటికన్నా ముందు, 1885 సెప్టెంబరు 29. మొదట్లో తీగలు పైన కాదు, రోడ్డు మధ్య గాడిలో పెట్టారు. సముద్రం పక్కన గాడి తవ్వితే ఏమవుతుంది? ఇసక నిండింది, ఉప్పునీరు చేరింది, బండి అడుగడుగునా మొరాయించింది. చివరికి 1899లో తీగని పైకెత్తారు. మద్రాసులోనూ మొదట ఈ గాడి పద్ధతే. అక్కడ వానలు తిప్పలు పెట్టాయి.

---

నూట_యాభైతొమ్మిది (లండన్) – శనివారం మధ్యాహ్నం 1:05

నా పేరు చూసి ఇంటి నంబరనుకునేరు, బస్సు నంబరు. లండన్ ఎర్ర మేడ బస్సు రూట్‌మాస్టరు మామూలు సర్వీసు ఆఖరిరోజు, 2005 డిసెంబరు 9న, ఆ రూట్లోనే ముగిసింది. ఆఫీసు ఎగ్గొట్టి జనంలో నిలబడ్డాను.

నేనొచ్చింది 80ల్లో, చదువుకోడానికి. వెనక తలుపుండదు, ఒక గట్టు, ఒక నిలువు గొట్టం, అంతే. సిగ్నల్లో ఆగితే ఎక్కెయ్యడం, కదులుతుంటే దిగెయ్యడం. క్లాసులో తెల్లపిల్లలు నా ఒడుపు చూసి ఆశ్చర్యపోయేవాళ్ళు. విజయవాడలో కాలేజీ బస్సు ఫుట్‌బోర్డు మీద మూడేళ్ళు వేలాడినవాడికి ఇదొక లెక్కా?

కండక్టరు గంట ఒకసారి కొడితే ఆగు, రెండుసార్లు కొడితే పద, మూడు కొడితే నిండిపోయింది, ఆపకు. మన ఆర్టీసీలో నోటితో "హోల్డాన్", "రైట్ రైట్" అనే మాటలు ఎక్కణ్ణించి వచ్చాయో ఇక్కడికొచ్చాక తెలిసింది. ఇక్కడ కండక్టర్లు పోయారు, ఆ మాటలు పోయాయి. మనవాళ్ళు మాత్రం ఇంకా అరుస్తూనే ఉన్నారు.

రూట్‌మాస్టర్లు మొత్తం 2,876 తయారయ్యాయి. ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

---

గ్లాస్గో_గౌలిగూడ – శనివారం 2:30

బస్సుల ముచ్చట తీసిన్రు కాబట్టి నేనూ జెప్త. మా గౌలిగూడ కాడ పెరిగినోనికి బస్సంటే సొంత ఇల్లు లెక్క. నిజాం రైల్వేవాళ్ళు 1932ల 27 బస్సులతోటి సర్కారు బస్సులు షురూ జేసిన్రు గదా, అవి ఆల్బియన్ కంపెనీవి. ఆ ఆల్బియన్ ఏడిదనుకున్నరు? గ్లాస్గోది! స్కాట్స్‌టౌన్ల తయారైనయ్. నేను ఇరవై ఏండ్లు దానికి రెండు మైళ్ళ దూరంల ఉండి, నిరుడు తెలుసుకున్న. మా తాత ఎక్కిన బస్సు నేనుండే ఊర్లె పుట్టింది.

గ్లాస్గో ట్రాములు ఆఖరు 1962 సెప్టెంబరు 4. వాన. ఆ వానల రెండున్నర లక్షల మంది రోడ్ల మీదికొచ్చిన్రట, పెండ్లి ఊరేగింపు సూసినట్టు. మా పక్కింటి ముసలమ్మ ఒకనాడు నాకు ఒక రాగి బిళ్ళ సూపెట్టింది, అప్పడం లెక్క పల్సగున్నది. ఏందమ్మా ఇది అంటే, ఆ దినం ట్రాము కింద పెట్టిన పెన్నీ అన్నది. రైలు పట్టాల మీద పైసలు పెట్టుడు మా కాచిగూడ పోరగాండ్లకే తెలుసనుకున్న, ఈళ్ళూ గదే.

---

చీరాల_చిన్నోడు (రీడింగ్) – శనివారం సాయంత్రం 5:10

చదువుతుంటే బాగుంది, కానీ ఒక ముల్లు గుచ్చుకుంటోంది. బ్లాక్‌పూల్‌ని నిలబెట్టింది లాంకషైర్ మిల్లు కూలీలు. ఒక్కో ఊరిది ఒక్కో వారం, ఆ వారం ఊరికి ఊరే మూసుకుని సముద్రానికి. ఆ మగ్గాల మీద నేసిన గుడ్డే కదా మా ముత్తాత మగ్గాన్ని అటకెక్కించింది. వాళ్ళ సెలవులో మా పస్తు కొంచెం ఉంది.

---

బందరు_డాక్టరు – శనివారం 6:20

చిన్నోడా, ముల్లు నిజమే. అయితే ఇది కూడా విను. 1931 సెప్టెంబరులో గాంధీగారు లాంకషైర్ వచ్చి డార్వెన్‌లో ఉన్నారు. ఆయన బహిష్కారం వల్ల పనిపోయిన ఆ కూలీలే ఆయన చుట్టూ చేరి జేజేలు కొట్టారు, ఫోటో ఉంది. నా దగ్గరికి మందుకొచ్చిన మిల్లు ముసలమ్మలు సగం మంది చెవిటివాళ్ళు, మగ్గాల మోతకి. పెదాలు చూసి మాట పోల్చుకునేవాళ్ళు. నా ఇంగ్లీషు అక్కడ ఎవరికైనా అర్థమైందంటే, విననివాళ్ళకే.

అసలు విషయం. మా ఆవిణ్ణి తీగలు అడిగాను. "నేనేమైనా లైన్‌మేన్‌నా?" అంది. తగవు అక్కడే ఉంది.

---

ప్రెస్టన్_పిల్ల – శనివారం రాత్రి 9:15

నేను ఇక్కడే పుట్టాను, అమ్మ నేర్పిన తెలుగు, తప్పులుంటే ఏమీ అనుకోకండి. మాకు బ్లాక్‌పూల్ అరగంట దూరం. ఎవరు ఇండియా నుంచి వచ్చినా నాన్న ముందు అక్కడికే తీసుకెళ్ళేవారు. తిరుపతి మొక్కులాగ.

దారిలో ఇంకో మొక్కు ఉండేది. ప్రెస్టన్ పక్కన లేలాండ్ అనే ఊరు. వరంగల్ నుంచి పెదనాన్న వచ్చినప్పుడు ఆ బోర్డు చూసి "ఆపు, ఆపు!" అన్నారు. లారీ ముందు రాసి ఉండే లేలాండ్ ఒక ఊరి పేరని ఆయనకి తెలీదు. బోర్డు పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నారు. బ్లాక్‌పూల్ టవర్‌తో కూడా అంత సంతోషంగా దిగలేదు.

శరదృతువులో బ్లాక్‌పూల్ దీపాలంకరణ చూడ్డానికి వెళ్ళేవాళ్ళం. రాకెట్ ఆకారంలో ఒక ట్రాము వచ్చేది, ఒళ్ళంతా బల్బులు, ముక్కు పైకి ఎత్తి ఉండేది. నాకు ఆరేళ్ళప్పుడు అది నిజంగా ఎగురుతుందని నమ్మాను. ఎవరికైనా గుర్తుందా?

---

పట్టాల_పిచ్చి – శనివారం 9:32

ఉండకేం! రాకెట్ 1961ది, గగారిన్ అంతరిక్షంలోకి ఎగిరిన ఏడాది. మరుసటి సంవత్సరం ఆవిరి రైలు ఆకారం, 1965లో యుద్ధనౌక. లోపలుండేవి మామూలు పాత ట్రాములే, పైన వేషం కట్టేవాళ్ళు. అసలు ఆ ఊరి దీపాల కథ 1879లో ఎనిమిది ఆర్కు దీపాలతో మొదలు. జనం దాన్ని కృత్రిమ ఎండ అన్నారు. వాళ్ళ ఎండ చూసినవాళ్ళకి ఆ మాట అతిశయోక్తి అనిపించదు.

---

మద్రాసు_మామ్మ – ఆదివారం ఉదయం 7:50

ఆ తీపి కర్ర గురించి ఎవరూ రాయలేదేం? గులాబి రంగు కర్ర, ఎక్కడ కొరికినా లోపల ఊరి పేరుంటుంది. మా మనవరాలు తెస్తే సగం కొరికి చూశాను, ఇంకా "బ్లాక్‌పూల్" అనే ఉంది. ఎలా రాస్తారమ్మా అది?

---

ప్రెస్టన్_పిల్ల – ఆదివారం 9:40

మామ్మగారూ, స్కూల్లో ఉన్నప్పుడు చూపించారు! పంచదార పాకం కాచి, కొక్కానికి తగిలించి లాగుతారు. లాగుతుంటే గాలి చేరి తెల్లగా అవుతుంది. ఊళ్ళో తిరనాళ్ళలో బెల్లం జీళ్ళు మేకుకి వేసి లాగినట్టే అని అమ్మ అంటుంది. రంగు పాకంతో ఒక్కో అక్షరాన్ని పొడవాటి దిమ్మలా పేరుస్తారు. అన్ని అక్షరాలూ గుండ్రంగా అమర్చి, మధ్యలో తెల్ల పాకం, చుట్టూ గులాబి తొడుగు. అప్పటికి అది మనిషి నడుమంత లావుంటుంది. దాన్ని దొర్లిస్తూ, సాగదీస్తూ వేలి లావు చేస్తారు. అక్షరాలూ దానితోపాటే సన్నబడతాయి. రాసేది ఒక్కసారే, సాగేది గజాల కొద్దీ.

---

మద్రాసు_మామ్మ – ఆదివారం 9:58

జీళ్ళ పాకమా! ఓసి, ఇంతేనా.

---

బందరు_డాక్టరు – ఆదివారం 11:30

ఆ రోజు సంగతి మిగతాది చెబుతాను, ఎవరూ అడక్కపోయినా.

దిగేసరికి సముద్రం లేదు. ఆటు. అరమైలు దూరంలో బూడిదరంగు గీతలా ఉంది. ఇసక మీద కుర్చీలు అద్దెకిస్తున్నారు, గుడ్డ కుర్చీలు. ఎలా మడత విప్పినా వేళ్ళు నలుగుతాయి. పక్కన ఒక పెద్దాయన కోటు, టై, టోపీ పెట్టుకుని పంట్లాం మోకాళ్ళదాకా మడిచి సముద్రం కేసి చూస్తున్నాడు. ఆగస్టండీ! మా ఆవిడ చీర కొంచెం ఎత్తి నీళ్ళల్లో అడుగుపెట్టి కెవ్వున కేకేసింది. బందరు సముద్రం బురదే కావచ్చు, కానీ వెచ్చన.

పులిహోర తిన్నాం. మా ఆవిడ శుద్ధ శాకాహారి. బంగాళాదుంప వేపుడే కదా అని ఒక కొట్లో చిప్స్ కొన్నాం. న్యూస్‌పేపరులో పొట్లం కట్టి, ఉప్పు చల్లి, వినిగరు పోసిచ్చారు. మామిడికాయ పులుపులా ఉందని పొట్లం మొత్తం ఆవిడే తినేసింది. ఏడాది తర్వాత మా వార్డు సిస్టరు మాటల్లో చెప్పింది, ఈ ప్రాంతాల్లో చిప్స్ ఎక్కువగా గొడ్డు కొవ్వులోనే వేయిస్తారని. ఆ రాత్రి ఇంట్లో జరిగింది ఇక్కడ రాయను.

తర్వాత ట్రాము. అది ట్రామేనని ఇద్దరం ఒప్పుకుంటాం. మేడ ట్రాము, పైన ముందు వరస సీటు. ఒక పక్క సముద్రం, ఒక పక్క హోటళ్ళు, ఫ్లీట్‌వుడ్ దాకా పదకొండు మైళ్ళు. పెన్నీలు, షిల్లింగులు లెక్కపెట్టి కండక్టరు చేతిలో పోశాను. నేను అణాలతో పెరిగినవాణ్ణి. 1957లో నయా పైసలు వచ్చి అవన్నీ మరిచిపొమ్మన్నారు. మరిచిపోయి ఇక్కడికొస్తే పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు, ఇరవై షిల్లింగులు ఒక పౌను. అవి నోటికొచ్చేసరికి 1971లో వీళ్ళూ వందకి మారిపోయారు. చిల్లర లెక్క మూడుసార్లు నేర్చుకున్న తరం మాది.

---

పట్టాల_పిచ్చి – ఆదివారం 11:52

మేడ ట్రాము అంటే బెలూన్! 1934లో మొదలైనవి, మొత్తం 27. కట్టింది మన ప్రెస్టన్_పిల్ల ఊళ్ళోనే. 1962లో గ్లాస్గో మూసేశాక దేశం మొత్తమ్మీద ఊరి వీధుల్లో కరెంటు ట్రాము నడిపింది బ్లాక్‌పూల్ ఒక్కటే. మాంచెస్టరులో 1992లో మళ్ళీ వచ్చేదాకా ముప్పై ఏళ్ళు ఒంటరిగా లాక్కొచ్చింది. 2012లో కొత్త బళ్ళు వచ్చాయి. నున్నగా ఉంటాయి, మంచివే, నాకేం కోపం లేదు. (ఉంది.)

---

నూట_యాభైతొమ్మిది – ఆదివారం మధ్యాహ్నం 12:40

డాక్టరుగారూ, అడగొచ్చో లేదో. ఆ రోజుల్లో బస్సుల్లో, ఆ సముద్రతీరాల్లో మనవాళ్ళని ఎలా చూసేవాళ్ళు? అందరం తీపి కర్రలే చప్పరిస్తున్నాం. బ్రిస్టల్‌లో 1963లో నల్లవాళ్ళని, ఆసియావాళ్ళని బస్సు సిబ్బందిగా తీసుకోమని కంపెనీ అన్నందుకు నిరసనగా జనం నెలల తరబడి బస్సులు ఎక్కడం మానేశారు. ఆగస్టు 28న కంపెనీ దిగొచ్చింది. మర్నెలలో చేరిన మొదటి కండక్టరు రఘబీర్ సింగ్ అనే సిక్కు. ఊల్వర్‌హాంప్టన్‌లో తలపాగా కోసం 1969 దాకా పోరాడాల్సొచ్చింది.

---

బందరు_డాక్టరు – ఆదివారం 3:15

అడగొచ్చు బాబూ.

ఇంకో ఏడు, ఇంకో సముద్రపు ఊళ్ళో, ఆఖరి రైలు తప్పిపోయింది. వరసగా బసల ఇళ్ళు. కిటికీలో గదులు ఖాళీ అని అట్ట ఉంటుంది. తలుపు తీసి మమ్మల్ని చూశాక ఖాళీ ఉండదు. నాలుగిళ్ళు అడిగాను. అయిదో ఇంటి దగ్గర మా ఆవిడ వద్దంది. 1965లో జాతి వివక్ష మీద చట్టం ఒకటి వచ్చింది గానీ బసల ఇళ్ళని అందులోంచి మినహాయించారు. 1968 చట్టంలో గానీ ఇళ్ళ సంగతి రాలేదు. సముద్రం ఒడ్డున షెల్టరులో కూచున్నాం. తెల్లవారుజామున మొదటి బస్సు కండక్టరు, తెల్లాయన, రాత్రంతా ఇక్కడేనా అని అడిగి, మా ఇద్దరికీ తన ఫ్లాస్కులో టీ పోశాడు. టిక్కెట్టు మాత్రం కొట్టాడు. డ్యూటీ డ్యూటీయే.

---

గ్లాస్గో_గౌలిగూడ – ఆదివారం 3:40

సార్, టిక్కెట్టు కొట్టిండన్న ముచ్చట మస్తు నచ్చింది నాకు.

---

నిర్వాహకుడు – ఆదివారం రాత్రి 8:05

ఈ చర్చలోంచి రెండు వ్యాఖ్యలు తీసేశాను, ఎందుకో రాసినవాళ్ళకి తెలుసు. మిగతావాళ్ళు కానివ్వండి.

---

బందరు_డాక్టరు – సోమవారం ఉదయం 8:30

తీర్పు వచ్చింది!

రాత్రి అన్నాలయ్యాక ఇదంతా మా ఆవిడకి చదివి వినిపించాను. చిప్స్ దగ్గర కోపమొచ్చింది, అది వేరే సంగతి. పడుకోబోతూ తనే అంది: "ఆ రోజు బండి మధ్యలో ఆగిపోయింది గుర్తుందా? కండక్టరు దిగి, బండి కిందనుంచి ఇంత పొడుగు వెదురు గెడ లాగి, పైన ఏదో సర్దాడు. అచ్చం మా పెరట్లో మునక్కాయలు కోసినట్టు. నాకు నవ్వాగలేదు, మీరు ఊరుకోమన్నారు."

నాకు ఆ ముక్కే గుర్తు లేదు. ఏమయ్యా పట్టాలబ్బాయ్?

---

పట్టాల_పిచ్చి – సోమవారం 8:41

ఆఫీసు మీటింగులో ఉన్నాను, కేక పెట్టబోయి ఆగాను. ట్రాలీబస్సే! మలుపులో వేగం ఎక్కువైతే గెడలు తీగల మీంచి జారిపోయేవి. దానికోసమే ప్రతి బండి కింద పొడుగాటి వెదురు గెడ పెట్టుకునేవాళ్ళు. వెదురే ఎందుకంటే తేలిక, పైగా ఎండు వెదురులో కరెంటు పారదు. కేసు తేలిపోయింది. అమ్మగారు చూసిన పట్టాలు అదే రోజు మధ్యాహ్నం బ్లాక్‌పూల్లోవి అయ్యుంటాయి. పొద్దుటి తీగలు, మధ్యాహ్నం పట్టాలు కలిసిపోయి ఒక బండయ్యాయి.

---

బందరు_డాక్టరు – సోమవారం 9:20

చెప్పాను. "అయితే సగం నేనే గెలిచాను" అంది. పట్టాలు బ్రాడ్‌ఫర్డ్‌లోనే చూశానని ఇంకా అంటూనే ఉంది.

---

పట్టాల_పిచ్చి – సోమవారం 12:30

సార్, ఇద్దర్నీ డెర్బీషైర్‌లో క్రిచ్ మ్యూజియానికి తీసుకెళ్తాను, నా కారులో. పాత ట్రాములు నిజంగా నడుపుతారు. గేటు దగ్గర పాత పెన్నీ ఒకటి చేతిలో పెడతారు, అది కండక్టరుకిస్తే టిక్కెట్టు. నాలుగో లెక్క నేర్చుకోనక్కర్లేదు. ఇంకెవరైనా వస్తారా?

---

ప్రెస్టన్_పిల్ల – సోమవారం 12:44

నేను వస్తాను, నాన్నని కూడా తెస్తాను!

---

గ్లాస్గో_గౌలిగూడ – సోమవారం 1:10

దూరమైతది గానీ వస్త. ఆ పెన్నీ పట్టాల మీద పెట్టనిస్తరా?

---

పట్టాల_పిచ్చి – సోమవారం 1:12

పెట్టనివ్వరు.

---

మద్రాసు_మామ్మ – సోమవారం 2:00

నన్ను ఎవరు తీసుకెళ్తారో ముందు అది చెప్పండి. పులిహోర నేను చేస్తాను, చింతపండుతో. చిప్స్ ఎవరూ కొనకండి.